సంచి మూతికి తెల్లదారం

నేను చేసే పనికి మా సూర్యాపేటలో పేరు లేదు. ఎవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్ పని" అంటుంది. పక్కింటావిడ వెంటనే "ఫ్లెక్సీలు కొడ్తది" అని సవరిస్తుంది. హైదరాబాదులో చదువుకున్నప్పుడు దీనికి పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి నేర్పారు గానీ, దాన్ని పలికేలోపు కోదాడ బస్సు వెళ్ళిపోతుంది. అసలు సంగతి చాలా చిన్నది. దుకాణమో ఆసుపత్రో లోపల ఎలా ఉండాలో గీస్తాను. కాగితం మీద, సంచి మీద, గోడ మీద అచ్చయ్యేది గీస్తాను. ఫోన్‌లో వేలు పెట్టి నొక్కేది కూడా గీస్తాను. ఈ మూడూ ఒక్కరే గీస్తే ఒక ఇంటి పిల్లల్లా కలిసి ఉంటాయని నా నమ్మకం. మా నాన్న నమ్మకం వేరు. "మూడు పనులు చేసేటోళ్ళకు ఒక్కటి గూడ సక్కగ రాదు బిడ్డా" అంటాడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడు ఊళ్ళలో డిజైనర్‌గా బతకాలంటే గీయడం కంటే ముందు రాయబారం తెలియాలి. పుట్టినరోజు ఫ్లెక్సీలో పదిహేడు మొహాలుంటాయి. ఎవరి మొహం ఎవరి మొహం కంటే అరంగుళం పెద్దగా ఉండాలో తేలేసరికి పుట్టినరోజు అయిపోతుంది. కోదాడలో ఒక పళ్ళ డాక్టరు తన క్లినిక్ గోడ మీద నిలువెత్తు పన్ను బొమ్మ కావాలన్నాడు, అదీ నవ్వుతున్న పన్ను. పన్ను నవ్వాలంటే దానికి నోరు కావాలి, నోట్లో మళ్ళీ పళ్ళుండాలి కదండీ అన్నాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, "అయితే ఒట్టి చిరునవ్వు చాలండి" అన్నాడు. అలాంటివాళ్ళను ఒప్పించి ఒప్పించి నాకు కాస్త పొగరు వచ్చిన మాట నిజం. నాకు తెలియంది ఎదుటివాళ్ళకు తెలిసి ఉండదన్న ధీమా అది.

ఆ ధీమాతోనే మిర్యాలగూడలోని రైస్ మిల్లు మెట్లెక్కాను. నన్ను పిలిచింది మిల్లు సేటు కాదు, ఆయన కోడలు. ఆమెది కోదాడ. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న కిరాణా కొట్లో గల్లా దగ్గర కూర్చుని బేరాలన్నీ తనే చూసేదట. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో మిల్లు మెట్టెక్కింది దసరాకు యంత్రాలకు బొట్టు పెట్టేటప్పుడేనని నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పినా నవ్వులాటకు చెప్పింది కాదని నాకు తెలిసింది.

మిల్లు ముందు రోడ్డు వైపు ఒక పాత గది ఖాళీగా ఉంది. దాన్ని చిల్లర బియ్యం దుకాణం చేస్తానని, ఇళ్ళకూ పెళ్ళిళ్ళకూ తనే అమ్ముతానని ఆమె మామగారిని అడిగింది. ఆయన ఆర్నెల్లు నానబెట్టి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తీరు మాత్రం నా ముందే మళ్ళీ ఒకసారి వినిపించాడు.

"పెండ్లిళ్ళ సీజన్ అయిపొయ్యేదాక సూస్త. నడిస్తే నడిసింది. లేకుంటే షట్టర్ దించి గాడ తౌడు బస్తాలు ఏపిస్త. మల్ల నన్ను అడగొద్దు."

ఆమె తలూపింది. తౌడు బస్తాలు వస్తే తను మళ్ళీ వంటింట్లోకి పోవాలని ముగ్గురికీ తెలుసు.

గది, సంచి, ఫోన్ - మూడూ నాకే అప్పగించారు. మొదటి రోజు సంచి గురించి సేటుతో కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, జేబులో ఎప్పుడూ నాలుగు గింజలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక గింజ పంటికింద వేసుకుంటాడు.

"పైన లక్ష్మమ్మ బొమ్మ. గీ పక్క వరి కంకి. గా పక్క మా నాయిన ఫోటో. నడుమ మిల్లు పేరు. కింద ఫోన్ నంబరు, రోడ్డు అవుతల నిలవడ్డోనికి గూడ కనబడాలె."

"మరి కొంచెం ఖాళీ వదలాలి కదా సేటు గారూ?"

"ఖాళీ ఎందుకు?"

"ఖాళీ ఉంటేనే పేరు కంటికి ఆనుతది. అందం వస్తది."

ఆయన జేబులోంచి ఇంకో గింజ తీసి కొరికాడు. "మేము బస్తా నింపి అమ్మెటోళ్ళం. నువ్వు ఖాళీ అమ్ముతున్నవ్. నీదే మంచి యాపారం బిడ్డా."

అయినా నేను పది రోజులు తిరిగి, వాళ్ళ నాన్న ఫోటోను దుకాణం గోడకు మార్పించి, లక్ష్మమ్మను గల్లా పైన కూర్చోబెట్టి, సంచి మీద వరి కంకిని మాత్రం మిగిల్చాను. మీగడ రంగు సంచి, దాని మీద కుంకుమ రంగు అక్షరాలు. దుకాణం గోడలకూ అదే మీగడ, ఫోన్‌లో తెరుచుకునే పేజీకీ అదే కుంకుమ. సంచి రంగు ఒప్పుకున్న రోజు నుంచి ఆయన నాకు సేటు గారు కాదు, అంకుల్. ఆయన కోడలు నన్ను "అక్కా" అనడం మొదలుపెట్టింది.

ఇక్కడ దారం సంగతి చెప్పాలి. మిల్లులో బియ్యం నింపాక సంచి మూతిని చేతి మిషన్‌తో కుడతారు. పాత బియ్యం సంచికి ఎర్ర దారం, కొత్త బియ్యం సంచికి నీలం దారం వేస్తున్నారు. నా మీగడ సంచి మొదటి నమూనా కుట్టించి చూస్తే మూతి మీద ఆ ఎర్రదారం, పక్కదాని మీద నీలిదారం. చక్కగా ముస్తాబైన పెళ్ళికూతురికి ఎవరో పాత రిబ్బను కట్టినట్టు అనిపించింది. బజార్లో ఏ రంగు దొరికితే ఆ రంగు తెచ్చి కుడుతున్నారనుకున్నాను. అడిగితే తెలిసేది. అడగలేదు. అన్నిటికీ తెల్లదారమే వాడమని రాసిచ్చాను. పాతదో కొత్తదో తెలియాలి కాబట్టి సంచి ముఖం మీద కింది మూలన సన్నటి అక్షరాలతో "పాత బియ్యం" అనీ "కొత్త బియ్యం" అనీ వేశాను. ఆ అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, నాకే రెండుసార్లు వెతుక్కుంటే గానీ కనబడలేదు.

ఆ రోజుల్లోనే దుకాణం గోడకని హమాలీల మేస్త్రీ చేతుల ఫోటో తీశాను. ఆయనది త్రిపురారం వైపు పల్లె. యాభై దాటాయి, పన్నెండు మంది హమాలీలకు పెద్ద. ఆదివారం చర్చి నుంచి వచ్చాకే పనిలో దిగుతాడు, మిగతా ఆరు రోజులూ ఆయన లేనిదే మిల్లులో బస్తా కదలదు. ఆ చేతులు బస్తా కొక్కెం పట్టుకుంటే నలుపు తెలుపుల్లో అద్భుతంగా ఉంటాయని నేను వెలుతురు చూసుకుంటుంటే ఆయన అన్నాడు.

"మేడం, అన్నిటికీ ఒక్కటే దారం అంటున్నరు. ఎట్ల మరి?"

"ఏం కాదన్నా. సంచి మీదనే రాసినం గద, పాతదో కొత్తదో."

"రాసినరు. బస్తా ఈపు మీదికి వచ్చినంక రాత ఎవలు సూస్తరు? దొంతర పెట్టినంక మూతులే గద కనబడేది."

"జర చెయ్యి ఎత్తన్నా, వెలుగు పడ్తలేదు."

ఆయన చెయ్యి ఎత్తాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగడుగుల ఫ్రేము కట్టించి దుకాణం గోడకెక్కించాను. ఆయన చేతులు గోడకెక్కాయి, ఆయన మాట మాత్రం నా చెవికెక్కలేదు. ఆ సాయంత్రం కోడలు "దారం మారుతోందని మేస్త్రీకి చెప్పారా అక్కా?" అంటే చెప్పానన్నాను. ఆయన తిరిగి చెప్పిందేమిటో ఆమెకు చెప్పలేదు. అబద్ధమాడలేదు, అంతకంటే పెద్ద తప్పే చేశాను.

దుకాణం తెరిచారు. నిజం చెప్పొద్దూ, బాగుంది. పెన్‌పహాడ్ నుంచి వచ్చిన ఒకాయన చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు, గుడి అనుకున్నట్టు. ఫోన్‌లో ఆర్డర్లు మొదలయ్యాయి. అంకుల్ రోజూ పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల ఎన్ని ఖాళీలు అమ్మినవ్ బిడ్డా?" అని కోడల్ని అడిగేవాడు. ఆమె సంచుల సంఖ్య చెప్పేది. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. మారు మాట్లాడకపోవడమే ఆయన మెచ్చుకోలు అని ఆమె నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ గొంతులో సంతోషం విని నేను కూడా గాల్లో తేలాను.

మొదటి పెద్ద పెళ్ళి ఆర్డరు గరిడేపల్లి నుంచి వచ్చింది. పదిహేను సంచులు, అన్నీ పాత బియ్యం. పెళ్ళికి కొత్త బియ్యం వండరు. ఏడాది నిలవ ఉన్న బియ్యమైతే మెతుకు మెతుకు విడివిడిగా ఉడుకుతుంది. కొత్తది అదే నీళ్ళకు ముద్దయి కూర్చుంటుంది. మా వైపు పెళ్ళిలో పప్పు పలచనైనా సర్దుకుంటారు, మాంసం ముక్క తక్కువైనా వియ్యంకుడి మీద జోకేసి ఊరుకుంటారు. అన్నం ముద్దయితే మాత్రం ఆ పెళ్ళికి పిల్లలు పుట్టి వాళ్ళ పెళ్ళిళ్ళయ్యేదాకా చెప్పుకుంటారు.

పెళ్ళి రోజు మధ్యాహ్నం నేను మిల్లులోనే ఉన్నాను, ఫోన్ పేజీ కోసం సంచుల ఫోటోలు తీస్తూ. రెండున్నరకు అంకుల్‌కు ఫోన్ వచ్చింది. ఆయన "ఆఁ", "అట్లనా" తప్ప ఏమీ అనలేదు. ఫోన్ జేబులో వేసుకుని దుకాణంలోకొచ్చాడు. వెనకే మేస్త్రీ.

"గరిడేపల్లి పెండ్లోళ్ళు ఫోన్ చేసిండ్రు బిడ్డా. ఒక గుండిగల అన్నం పువ్వులెక్క ఉన్నదట. పక్క గుండిగల గటకలెక్క ముద్ద. మొగపిల్లగానోళ్ళు సగం మంది చేతులు కడుక్కొని లేసిండ్రట."

ఆయన దొంతరలోంచి ఒక సంచి లాగించి, దారం కొస పట్టి సర్రున లాగాడు. మూతి ఊడింది. గుప్పెడు తీసి ఒక గింజ కొరికాడు. "పాతది." పక్కది లాగాడు. గింజ కొరికాడు. "కొత్తది." రెండు సంచుల మూతులూ పక్కపక్కనే, ఊడిన ఒకే తెల్లదారం వేలాడుతూ, కవలల్లా ఉన్నాయి. నేను ఎంత ముచ్చటపడి చేశానో అంత ముచ్చటగానూ ఉన్నాయి.

"గీ దారం మార్చుమన్నది ఎవలు?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. కెమెరా మెడలో ఉంది. నేను మాట్లాడలేదు. భయమేసింది. ఈయన ఒక్క మాటంటే మిర్యాలగూడలో ఇంకే మిల్లువాళ్ళూ నన్ను గడప తొక్కనివ్వరనిపించింది. ఇది వాళ్ళింటి సంగతి కదా, మధ్యలో నేనెందుకు అని కూడా అనుకున్నాను. పిరికితనానికి ఆ పూట ఎంత మర్యాద తొడిగానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నేనే మామయ్యా" అంది కోడలు. "చూడ్డానికి బాగుంటుందన్నారు, నేనే ఒప్పుకున్నాను. మేస్త్రీని నేను అడగాల్సింది, అడగలేదు."

"గా అమ్మదేం లేదు సేటూ" అన్నాడు మేస్త్రీ వెంటనే. "ఎత్తి బండిల ఏసింది మేము. గింజ సూసుకోవాల్సింది నేను. నన్ననుండ్రి."

తప్పు లేనివాళ్ళిద్దరూ తప్పు మాదంటే మాదన్నారు. తప్పు చేసిన నేను అప్పుడు నోరు తెరిచాను, మూడోదాన్ని.

"దారం నాది అంకుల్. అన్నిటికీ తెల్లదే వాడమని రాసిచ్చింది నేను. మేస్త్రీ అన్న నాకు ముందే చెప్పిండు. నేను ఇనలే. ఆమెకు గూడ చెప్పలే."

కోడలు నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. మేస్త్రీ నేల చూశాడు. ఆయన చేతులు మాత్రం గోడ మీంచి మా నలుగుర్నీ చూస్తున్నట్టున్నాయి, ఆ ఫోటోను అక్కడ పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అంకుల్ మా ముగ్గుర్నీ వరుసగా చూశాడు. "బాగనే ఉన్నది. ఒక పెండ్లి అన్నం చెడగొట్టెటందుకు గింతమంది కావాలెనా?"

ఎవరమూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. కోడలే ధైర్యం చేసింది. "దుకాణం మూసేస్తారా మామయ్యా?"

"మూసుడు సంగతి ఎనక సూద్దాం. ఎల్లుండి మొగపిల్లగానోళ్ళ దిక్కు రిసెప్షన్ ఉన్నదట, దానికి గూడ పిల్లోళ్ళు ఇచ్చేది మన బియ్యమే. ముందుగాల గరిడేపల్లికి ఎవలు పోవాలె చెప్పు."

"మీరు వస్తే..."

"నేనెందుకొస్త? నా మిల్లు బియ్యంల తప్పు లేదు. పాతది పాతదే, కొత్తది కొత్తదే. మాట పడేకాడికి పనోళ్ళను పంపే అలవాటు మా ఇంట్ల లేదు. దుకాణం ఎవలదైతే వాళ్ళు పోయి నిలవడాలె."

ఇంత చెప్పి ఆయన మిల్లులోకి వెళ్ళిపోయాడు. తిట్టాడో, పెత్తనం ఇచ్చాడో నాకైతే వెంటనే అంతుబట్టలేదు. ఆమెకు అంతుబట్టినట్టుంది. చెంగు నడుముకు దోపి, "మేస్త్రీ, పాతవి పదిహేను తీయించండి. ఒక్కొక్కటీ నేను చూస్తాను" అంది. సంచిలో గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం ఉంటుంది, అది పట్టుకుని పదిహేను సంచులూ తనే గుచ్చి చూసింది. మేస్త్రీ ఎర్రదారం కండె ఎక్కడినుంచో తెచ్చాడు. పారేయమని నేను చెప్పిందాన్ని ఆయన పారేయకుండా దాచిపెట్టాడన్నమాట. నేను అడిగితే, "పిల్లలు గాలిపటాలకు అడుగుతరని ఉంచిన" అన్నాడు. నా పరువు కాపాడటానికే అలా అన్నాడని తెలిసి ఇంకా కుంగిపోయాను.

ట్రాలీ ఆటోలో వెనక సంచుల మీద మేస్త్రీ, ముందు డ్రైవర్ పక్కన మేమిద్దరం. బండి కాలువ గట్టున పోతోంది. నేను క్షమించమని మూడుసార్లు అన్నాను. మూడోసారి, "అక్కా, కాసేపు ఊరుకోండి. అక్కడ ఏం చెప్పాలో నేను అనుకోవాలి" అంది. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని, అయినా ఊరుకున్నాను.

పెళ్ళింట్లో పందిరి విప్పుతున్నారు. పిల్లను అత్తారింటికి పంపేసి గంటయినా కాలేదు. పెళ్ళికూతురి తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి. బండి మీద మిల్లు పేరున్న సంచులు చూడగానే లేచింది. కోడలు ఎదురుగా వెళ్ళి చేతులు జోడించింది. ఇక మొదలైంది.

"ఇరవై ఏండ్ల సంది మీ మిల్లు బియ్యమే తింటున్నం. నా బిడ్డ పెండ్లికే దొరికిందా మీకు? మొగపిల్లగాని పెద్దమ్మ ముద్ద చేతుల పట్టుకొని, 'పోస్టర్లు అంటించుకోవడానికి బాగుంటుందండి వదినగారూ' అన్నది అందరి ముంగట! కోదాడోళ్ళ నోరు ఎట్లుంటదో ఎరుకేనా నీకు?"

తనది కోదాడేనని కోడలు చెప్పలేదు. వేరే సమయమైతే పోస్టర్ల మాటకు నేను నవ్వి ఉండేదాన్ని. జీవితంలో నేను అచ్చేయించిన పోస్టర్లన్నీ ఒక్కసారి వచ్చి నన్నే వెక్కిరించినట్టయింది. "తప్పు నాదమ్మా, సంచి..." అని నేను మొదలుపెట్టాను. "నువ్వాగు" అంది ఆ తల్లి నా వైపు చూడకుండానే. చుట్టూ పదిమంది చుట్టాలు పోగయ్యారు. ఆమె తిడుతూనే ఉంది, ఈమె నిలబడి వింటూనే ఉంది. ఒక్కసారి కూడా మేస్త్రీ పేరెత్తలేదు, నా పేరెత్తలేదు. రిసెప్షన్‌కు తెచ్చిన బియ్యం సంచి ఒకటి దింపించి, మూతి విప్పించి, "ఇది ఇప్పుడే ఒక గిద్దెడు వండించుకోండి. బాగుంటేనే దింపించుకోండి, లేకపోతే బండి తిప్పుకుంటాను" అంది.

ఆ తల్లి అలసిపోయి ఆగింది. ఈ పిల్లను అప్పుడే సరిగ్గా చూసినట్టు పైనుంచి కిందికి చూసింది.

"సేటు ఏడి? తిట్లు పడెటందుకు నిన్ను పంపి ఆయన ఇంట్ల కూసున్నడా? ఇంతకు దుకాణం ఎవలది?"

ఆ పూట ఆ పది మంది ముందు ఆ దుకాణం తనదని ఎవరు చెప్పుకుంటారు? మామగారిదనొచ్చు. మిల్లువాళ్ళదనొచ్చు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా గిన్నె దగ్గర్నుంచి గడప దాకా దేన్నీ తనదని అనని మనిషి ఆమె.

"నాదండి" అంది. ఎవరో వంటపాత్రలు కడుగుతున్న చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. ఆ తల్లి మళ్ళీ అడగలేదు, లోపలికి తిరిగి పొయ్యి వెలిగించమని ఎవరికో చెబుతోంది. ఎవరూ అడగకపోయినా, అందరికీ వినబడేలా, కోడలు ఇంకోసారి అంది.

"దుకాణం నాదేనండి."